పాత ప్లాంటు మూతపడేదాకా ఆగొద్దు

రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999 మార్చి 31న మూతపడింది. అదే ఆవరణలో కొత్త ఫ్యాక్టరీ వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది 2021 మార్చి 22న. పాతది ఫర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాది, జనం నోట ఎఫ్‌సీఐ. బొగ్గుతో నడిచేది, ఏడాదికి 4.95 లక్షల టన్నుల యూరియా తీయగల సామర్థ్యం దానిది. కొత్తది రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్, అంటే ఆర్‌ఎఫ్‌సీఎల్. సహజవాయువుతో నడుస్తుంది, సామర్థ్యం 12.7 లక్షల టన్నులు. సరుకు రెండున్నర రెట్లు పెరిగింది, దాన్ని తీయడానికి కావలసిన మనుషులు మాత్రం బాగా తగ్గారు. ఈ రెండు తేదీల మధ్య దాదాపు ఇరవై రెండేళ్లు గడిచాయి. మూతపడిన నాటికి ముప్ఫై అయిదేళ్లున్న ఫిట్టరుకు కొత్త ప్లాంటు తెరిచే వేళకు యాభై ఏడు. అతని పనితనం ఆ ప్లాంటుకు అక్కరకు రాకుండానే వయసైపోయింది. రసాయన పరిశ్రమలో ఆధునికీకరణ అనగానే ఉద్యోగాలు పోతాయన్న భయం పుడుతుంది. ఆ భయం అబద్ధం కాదు. అయినా మన దగ్గర మూతపడ్డ పెద్ద రసాయన కర్మాగారాల కథ చదివితే, వేళకు మార్పు జరగకపోవడమే ఎక్కువ కుటుంబాలను రోడ్డున పడేసిందని అర్థమవుతుంది. అందుకే కార్మికుడు కొత్త యంత్రాన్ని అడ్డుకోకుండా తానే ముందు అడగాలి. అడుగుతూనే, తన సంగతేమిటో కాగితం మీద తేల్చమనాలి. నా వాదన ఇదే.

పాత రామగుండం ప్లాంటు ఎందుకు నిలవలేదో ముందు చూద్దాం. యూరియాకు కావలసింది అమ్మోనియా, అమ్మోనియాకు కావలసింది హైడ్రోజన్. ఆ హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుందన్న దాన్ని బట్టే ఎరువుల ఫ్యాక్టరీ జాతకం ఉంటుంది. ఎఫ్‌సీఐలో బొగ్గును మెత్తని పొడి చేసి, ఆక్సిజన్, నీటి ఆవిరి కలిపి గ్యాసిఫయర్‌లో మండించి వాయువు తీసేవారు. కోపర్స్-టోట్జెక్ అనే జర్మన్ పద్ధతి అది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. ఆ బూడిద గొట్టాలను తినేస్తుంది, పేరుకుపోతుంది, మాటిమాటికీ ప్లాంటును ఆపిస్తుంది. దానికి తోడు కరెంటు తడబడితే చాలు, ప్లాంటు ట్రిప్ అయ్యేది. ఇంత పెద్ద అమ్మోనియా ప్లాంటు ఒకసారి ఆగితే మళ్లీ దారిలో పెట్టడం ఒక పూటతో అయ్యే పని కాదు. స్థాపిత సామర్థ్యాన్ని అది ఎన్నడూ నిలకడగా అందుకోలేదు. 1992లో ఎఫ్‌సీఐని ఖాయిలా సంస్థగా ప్రకటించారు, 2002లో కేంద్రం దాని యూనిట్లను మూసేయాలని తీర్మానించింది, ఉద్యోగులను స్వచ్ఛంద విరమణ పథకం కింద పంపించారు. యంత్రాలు ఆగి మూడేళ్లయిన చోట అలాంటి పథకం ముందు పెడితే కార్మికుడు ఎంచుకోవడానికి మిగిలేదేమిటి? గ్యాస్ ప్లాంటు సంగతి వేరు. సహజవాయువులో హైడ్రోజన్ ముందే ఉంటుంది. దాన్ని ఆవిరితో కలిపి వేడి గొట్టాల్లో పంపితే విడిపోతుంది. బొగ్గు దించడం, మర పట్టడం, బూడిద ఎత్తిపోయడం అన్న పనులే ఉండవు. ఆధునికీకరణలో ఉద్యోగాలు పోవడమంటే అన్ని విభాగాల్లో తలా నలుగురు తగ్గడం కాదు. కొన్ని పనులు వేళ్లతో సహా పోతాయి. ఆ పనులు చేసేవాళ్లకు ముందుగా కబురు అందాలనడానికి కారణం అదే.

ఇంచుమించు పాత రామగుండం ప్లాంటు కాలంలోనే కట్టిన మరో మూడు ప్లాంట్లతో దీన్ని పోల్చి చూడండి. నంగల్, బఠిండా, పానిపట్‌లలో ఉన్న నేషనల్ ఫర్టిలైజర్స్ సంస్థ ప్లాంట్లు 1970ల చివర ఫ్యుయల్ ఆయిల్‌తో నడక మొదలుపెట్టాయి. ఫ్యుయల్ ఆయిల్ ఖర్చు మోయలేనిదయ్యేసరికి, 2013కు అటూ ఇటూగా ఆ మూడింటినీ సహజవాయువుకు మార్చారు. అవి ఇంకా నడుస్తున్నాయి. ఆ సంస్థే ఇప్పుడు ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో 26 శాతం వాటాదారు. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. పంజాబ్, హర్యానాలకు గ్యాస్ పైపులైను చేరింది. 1999లో రామగుండానికి గ్యాస్ ఏది? కృష్ణా గోదావరి బేసిన్‌లో పెద్ద నిక్షేపం బయటపడింది 2002లో. కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి పైపులైను వేసి రామగుండం దాకా తేవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నిజమే, 1999లో ప్లాంటును గ్యాస్‌కు మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. కానీ మనుషుల విషయంలో ఏం చేయాలన్నది చేతిలో ఉన్న సంగతే. పక్కనే ఎన్టీపీసీ, చుట్టూ సింగరేణి గనులు ఉన్నాయి. బాయిలర్, కంప్రెసర్, పంపు తెలిసినవాడికి పని చూపించగల పెద్ద ప్రభుత్వ సంస్థలు రెండు అంత చేరువలో ఉండే ఊళ్లు ఎక్కువ లేవు. అలాంటి చోట కూడా, ప్లాంటు ఖాయిలా పడిందని తేలిన 1992 నుంచి మూతపడిన 1999 దాకా ఏడేళ్లు దొరికినా, ఆ సమయం ప్లాంటును బతికించాలా వద్దా అన్న తర్జనభర్జనకే సరిపోయింది.

హైదరాబాదులో ఇంకో ఉదాహరణ ఉంది, దాని పాఠం కాస్త చిక్కైనది. సోవియట్ సాయంతో 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో కట్టిన సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. విటమిన్లు, సల్ఫా మందులు, అనాల్జిన్ లాంటివి అక్కడ టన్నుల లెక్కన తయారయ్యాయి. తెచ్చుకున్న పద్ధతులు పాతబడుతుంటే వాటిని వదిలి ముందుకు పోవడానికి పెట్టుబడి రాలేదు, మందుల ధరల మీద ప్రభుత్వ అదుపు ఉంది, సిబ్బంది భారం ఉంది. 1992లో అదీ ఖాయిలా జాబితాకెక్కింది. అయితే ఐడీపీఎల్ పోయిందని హైదరాబాదు మందుల పరిశ్రమ పోలేదు, వెయ్యింతలైంది. అక్కడ పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అదే బాట పట్టిన కెమిస్టులు, ఇంజినీర్లు ఇంకెందరో ఉన్నారు. పాత సంస్థ పోయినా ఉద్యోగాలు బయట పుట్టాయి కదా, ఇంక బెంగ దేనికని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో ఒక ఖాళీ ఉంది. పాత సంస్థ గోడ దాటి అవతలికి వెళ్లగలిగింది ఫార్ములా తలలో పెట్టుకున్నవాడు. రియాక్టరు దగ్గర వాల్వు తిప్పిన ఆపరేటరుకు, స్టోర్సులో గుమాస్తాకు, ఖలాసీకి ఆ గోడ చాలా ఎత్తు. చదువున్న చేతికి పరిశ్రమ తానే దారి చూపించింది. చదువు తక్కువైన చేతికి ఎవరైనా పట్టుబట్టి చూపిస్తేనే దారి దొరుకుతుంది.

ఇప్పుడు ఆ గోడ ఎలా ఉందో ఒక మందుల యూనిట్ లోపలికి వెళ్లి చూద్దాం. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ఎక్కడైనా సరే. రియాక్టరులో తయారైన పదార్థం ద్రావకంలో తేలే పలుకుల్లా ఉంటుంది. దాన్ని సెంట్రిఫ్యూజ్‌లోకి వదిలి గిరగిరా తిప్పితే ద్రావకం పోయి తడి ముద్ద మిగులుతుంది. హెల్పర్లు మూత తీసి ఆ ముద్దను చేత్తో తవ్వి డ్రమ్ముల్లోకి ఎత్తుతారు, ట్రేలలో పరుస్తారు, ట్రేలను డ్రయ్యర్‌లోకి తోస్తారు, ఆరాక మళ్లీ దించుతారు. మాస్కు ఉన్నా ద్రావకం వాసన ముక్కుకు తగులుతూనే ఉంటుంది. ఒంటిమీది బట్ట రాపిడికి పుట్టే చిన్న నిప్పురవ్వ కూడా ఆ గదిలో ప్రమాదమే. ఇప్పుడు పెద్ద యూనిట్లు ఏఎన్‌ఎఫ్‌డీ అనే మూసి ఉన్న పాత్రలు పెడుతున్నాయి. వడకట్టడం, కడగడం, ఆరబెట్టడం మూడూ ఆ ఒక్క పాత్రలోనే, నైట్రోజన్ కింద, మూత తెరవకుండా జరిగిపోతాయి. పక్క గదిలో డీసీఎస్ అనే కంప్యూటర్ నియంత్రణ వ్యవస్థ తెర ముందు కూర్చున్న ఒక ఆపరేటరు అంకెలు చూసుకుంటాడు. నలుగురైదుగురు హెల్పర్ల పని పోయింది. మరి ఈ మార్పు వద్దందామా? ఆ ముద్ద ఎత్తే పనిలోకి తన కొడుకును పంపడానికి ఏ తండ్రీ ఇష్టపడడు. పోవలసిన పనులు కొన్ని ఉన్నాయి, అది ఒప్పుకుందాం. ఆ పని చేస్తున్న మనిషి మాత్రం దాంతోపాటు పోకూడదు.

పాత యంత్రం ఉద్యోగాన్ని కాపాడుతుందనుకోవడం ఎంత ప్రమాదమో ఈ అయిదారేళ్లలో మనం చూశాం. 2020 మే 7న విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన విషయాల్లో రెండింటిని తెలుగువాళ్లంతా గుర్తుంచుకోవాలి. స్టైరీన్ నిల్వ ఉన్న ఆ పాత ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచే ఏర్పాటు ఉంది, పైపొరల్లో వేడి పెరిగిపోతున్న సంగతి తెలియలేదు. సైరన్ మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల వీలున్నా ఒక్కచోటా మోగలేదు. ట్యాంకు పైభాగాన ఇంకో థర్మామీటరు బిగించడం వందల కోట్ల ఖర్చు కాదు. ఆధునికీకరణ అంటే అది కూడా. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీలో డ్రయ్యర్ దగ్గర జరిగిన పేలుడు 50 మందికి పైగా బలి తీసుకుంది. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. ఆ వేళ లోపల ఎవరెవరు ఉన్నారో తేలడానికే రోజులు పట్టింది. మనుషుల లెక్కే సరిగా లేని చోట వాళ్ల భవిష్యత్తు లెక్క ఎవరు వేస్తారు?

చట్టం ఉంది కదా అని కొందరంటారు. ఉంది, చూద్దాం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 300 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీ ఎవరినైనా తొలగించాలన్నా, మూసేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. పాత చట్టంలో ఈ హద్దు 100. తొలగించిన కార్మికుడికి పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. నెలకు 24 వేలు తెచ్చుకునే మనిషి ఇరవై ఏళ్లు పనిచేశాడనుకుందాం. సుమారుగా ఏడాదికి 12 వేల చొప్పున 2 లక్షల 40 వేలు వస్తాయి, అంటే పది నెలల జీతం. గ్రాట్యుటీ, పీఎఫ్ వేరే ఉంటాయి గానీ అవి అతను సంపాదించుకున్నవే. కొత్త పని నేర్చుకోవడానికి యజమాని ఇంకో 15 రోజుల వేతనం పునర్నైపుణ్య నిధికి కట్టాలి. మన లెక్కలో అది 12 వేలు. నలభై అయిదేళ్ల ట్రే డ్రయ్యర్ హెల్పరు 12 వేలతో డీసీఎస్ ఆపరేటరు కాగలడా? పైగా తీసేసిన ఏడాదిలోపు మళ్లీ మనుషుల్ని తీసుకుంటేనే పాతవారికి మొదటి అవకాశం ఇవ్వాలంటోంది కోడ్. రామగుండం మళ్లీ తెరుచుకోవడానికి పట్టింది ఇరవై రెండేళ్లు. అన్నిటికంటే పెద్ద లోటు ఇంకొకటుంది. నేడు రసాయన యూనిట్లలో పని తగ్గితే ముందు పోయేది కాంట్రాక్టు కార్మికుడు. అతనికి తొలగింపు ఉత్తర్వు ఉండదు, పరిహారం ఉండదు. కాంట్రాక్టరు మరుసటి నెల నుంచి పదిమందిని తక్కువ పంపుతాడు, అంతే. ఏ లెక్కలోకీ రాకుండా జరిగే ఉద్యోగాల కోత ఇది.

హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో నిలబడి చూస్తే ఈ ప్లాంట్లేవీ కంటికి కనపడవు. కానీ వాటి కాగితాలు నడిచేది ఇక్కడికి కూతవేటు దూరంలోనే. అబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో పరిశ్రమల కమిషనర్ కార్యాలయం ఉంది, బషీర్‌బాగ్‌లో పరిశ్రమ భవనం ఉంది. ఈ పేటకు కర్మాగారాలు కొత్త కాదు. ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో నిజాం కోసం ఫిరంగులు పోతపోసే కార్ఖానా కట్టించింది ఇక్కడే. తోప్ కా సాంచా అంటారు దాన్ని. 1798 సెప్టెంబరులో నిజాం ఆంగ్లేయులతో సంధి చేసుకుని, ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పదివేల మందికి పైగా సైన్యాన్ని అక్టోబరులో రద్దు చేశాడు.  సిపాయిలు అడిగిందల్లా బకాయి జీతం. దానికోసం తమ అధికారులనే నిర్బంధించారు. నిర్ణయం పైన ఎక్కడో జరిగిపోయి, కింద ఉన్నవాడికి బకాయిల బేరం మాత్రమే మిగలడం అప్పటి సంగతే అనుకోలేం. నేడూ ఒక యూనిట్ విస్తరణకు, కొత్త యంత్రాలకు రాయితీ అడిగితే పెట్టుబడి ఎంత, కరెంటు ఎంత, నీరు ఎంత, కొత్తగా ఇచ్చే ఉద్యోగాలెన్ని అని అడుగుతారు. పోయే ఉద్యోగాలెన్ని, వాళ్లను ఎక్కడ సర్దుతారు అన్న గడి కూడా ఆ దరఖాస్తులో తప్పనిసరి కావాలి. ప్రజల డబ్బుతో రాయితీ ఇస్తున్నప్పుడు ఆ ప్రశ్న అడిగే హక్కు ప్రభుత్వానికి పూర్తిగా ఉంది.

ఇలాంటి షరతులు పెడితే చైనాతో పోటీ పడలేమని పరిశ్రమ వర్గాలు అంటాయి. ఆ మాటను తోసిపుచ్చలేం. మందుల ముడిసరుకు ధరలో కిలోకు కొన్ని రూపాయల తేడాతో ఆర్డరు చేజారిపోయే వ్యాపారం అది. కానీ ప్రపంచంలోనే పెద్ద రసాయన సంస్థ బీఏఎస్‌ఎఫ్ ఏం చేసిందో చూడండి. రష్యా గ్యాస్ ఆగి ఖర్చులు పెరిగాక, 2023 ఫిబ్రవరిలో అది 2,600 ఉద్యోగాలు తగ్గిస్తామంది. జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఉన్న రెండు అమ్మోనియా ప్లాంట్లలో ఒకదాన్ని మూసేస్తామంది. అక్కడ ఉత్పత్తి విభాగాల్లోనే దాదాపు 700 ఉద్యోగాల మీద దెబ్బ పడింది. అయితే కార్మిక మండలితో ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం 2025 చివరిదాకా ఆ ప్రాంగణంలో ఎవరినీ బలవంతంగా తీసేయడానికి లేదు. మూసిన ప్లాంటువాళ్లను వీలైనంతమేర పక్క ప్లాంట్లలోకి మార్చే పని ముందు చేపట్టారు. జర్మనీ ధనిక దేశం, మనకు కుదరదంటారా? మనమే 1957లో ఈ మాట అనుకున్నాం. ఆ ఏడాది 15వ భారత కార్మిక సమావేశంలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కూర్చుని, హేతుబద్ధీకరణ పేరుతో ఉన్నవాళ్లను తీసేయకూడదని, వాళ్ల ఆదాయం తగ్గకూడదని, లాభంలో కార్మికుడికీ సమాజానికీ పాలు ఉండాలని ఒప్పుకున్నాయి. అప్పటి భారతదేశం ఇప్పటికంటే ఎంతో పేదది.

చిన్న యూనిట్ల ఇబ్బంది మాత్రం వేరు. ఇరవై ముప్ఫై మందితో నడిచే షెడ్డులో ఏఎన్‌ఎఫ్‌డీ కొనడమే కనాకష్టం. తగ్గిన మనుషులకు శిక్షణ కూడా ఇవ్వమంటే యజమాని అసలు యంత్రమే మానుకుంటాడు. అక్కడ భారమంతా ఒక్కరి నెత్తిన పెట్టడం తప్పు. ఒక్కో పారిశ్రామికవాడకు ఉమ్మడిగా ఒక శిక్షణ కేంద్రం, ఉమ్మడి నిధి ఉంటే ఒక షెడ్డులో మిగిలిన చేతులు పక్క షెడ్డుకు పనికొస్తాయి. కాలుష్య జలాల శుద్ధికి జీడిమెట్లలో, పటాన్‌చెరులో ఉమ్మడి ప్లాంట్లు పెట్టుకోగలిగినవాళ్లు ఇదీ చేయగలరు. పెద్ద యూనిట్లకు నేను చెప్పేది ఇంకొకటుంది. పాత చేతుల్ని ఉంచుకోవడం వాళ్ల మీద దయ చూపడం అనుకోవద్దు. పంపు సీలు పాడవుతోందని శబ్దాన్ని బట్టి పసిగట్టగల ఫిట్టరు, ఏ వాల్వు ఏ కాలంలో మొరాయిస్తుందో తెలిసిన ఆపరేటరు ఉంటే కొత్త ప్లాంటుకు అదే భద్రత. 2025 వానాకాలంలో ఆర్‌ఎఫ్‌సీఎల్ చాలా రోజులు ఆగిపోయి, యూరియా కోసం తెలంగాణ రైతులు సొసైటీల ముందు బారులు తీరారు. కొత్త యంత్రం కూడా ఆగుతుంది. దాన్ని మళ్లీ నడిపించేది దాని గుణం తెలిసిన మనిషే.

ప్లాంటులోనో పద్ధతిలోనో మార్పు చేసి దానివల్ల మనుషుల్ని తగ్గించాల్సి వచ్చేటట్టుంటే, ఆ మార్పుకు ముందే కార్మికులకు నోటీసు ఇవ్వాలని పాత చట్టం చెప్పింది, కొత్త కోడూ చెబుతోంది. ఈ సంగతి తెలియనివాళ్లే ఎక్కువ. మీరు ఏదైనా రసాయన, మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే, లేదా మీ ఇంట్లో ఎవరైనా చేస్తుంటే, నోటీసు బోర్డు మీద ఓ కన్నేసి ఉంచండి. ఆ కాగితం కనబడిన రోజే ఏ పనులు పోతున్నాయి, ఎవరికి ఏ శిక్షణ ఇస్తారు, కాంట్రాక్టు కార్మికుల సంగతేమిటి అని రాతపూర్వకంగా అడగండి. యూనియన్ ఉంటే యూనియన్ ద్వారా, లేకపోతే నలుగురు సంతకాలు పెట్టి కార్మిక శాఖకు పంపండి. నోటీసు ఇచ్చాక 21 రోజుల లోపు యాజమాన్యం ఆ మార్పు చేయడానికి లేదు. మీకున్న గడువు అదే.